రెండున్నర గంటల జెండా

జ్వరం సంగతి ఆమెకు లేవగానే తెలిసింది. దుప్పటి పక్కకి తీస్తే ఒళ్ళంతా వణికింది. నేల మీద అడుగు పెడితే గచ్చు మామూలు కన్నా చల్లగా తగిలింది. నుదుటి మీద తన చెయ్యి తానే పెట్టుకుని చూసుకుంది. చెయ్యి కూడా అంతే వేడిగా ఉంటే జ్వరం ఎలా తెలుస్తుంది? ఏమీ లేదనుకోవడానికి ఆమెకు ఆ మాత్రం సాకు చాలింది. వంటింట్లోకి వెళ్ళి, డబ్బాలో వెతికి, ఒక మాత్ర మింగింది.

పక్కగదిలో, అల్మారాలో, ఫోను మోగుతూనే ఉంది. అది ఆయనది.

పరుగుకి వెళ్ళే రోజుల్లో తెల్లవారకముందే లేవడానికి ఆయన పెట్టుకున్న అలారం అది. మోగినప్పుడు నోరు మూయించవచ్చు గానీ, మళ్ళీ మోగకుండా చెయ్యాలంటే ఫోను తాళం తెరవాలి. ఆ అంకెలు ఆయనతోనే పోయాయి. ఛార్జింగ్ పెట్టకుండా వదిలేస్తే నాలుగు రోజుల్లో దానంతటదే ఊరుకునేది. ఆమె వదల్లేదు. మొదట్లో మంచం మీద కూర్చుని అది ఆగేదాకా వినేది. తర్వాత్తర్వాత, ఎలాగూ మెలకువ వచ్చింది కదా అని, శాలువా కప్పుకుని వీధి చివరిదాకా నడిచేది. అక్కడ పార్కు గేటు దగ్గర ఆయనతో పరిగెత్తినవాళ్ళు గుమిగూడి ఉండేవాళ్ళు. ఎందుకొచ్చారని ఎవరూ అడగలేదు. ఒకరోజు వాళ్ళ వెనకే నడిచింది. ఇంకోరోజు కాస్త పరిగెత్తింది. అలా చలికాలం పోయి, ఎండలు వచ్చి, వానలు కూడా వెలిసేసరికి, యాభైకి దగ్గరపడుతున్న లెక్కల టీచరు హాఫ్ మారథాన్ పరిగెత్తే మనిషైంది. ఇరవై ఒక్క కిలోమీటర్లు. తరగతి గదిలో బోర్డుకీ బల్లకీ మధ్య తప్ప ఎక్కువ నడిచి ఎరగని మనిషి.

ఊరికే పరిగెత్తడమైతే ఇంత బాధ లేదు. ఇవాళ్టి పోటీలో ఆమె జెండా పట్టుకోవాలి.

ఇలాంటి పోటీల్లో కొంతమంది జెండాలు పట్టుకుని పరిగెత్తుతారు. జెండా మీద ఒక సమయం రాసి ఉంటుంది. ఆ సమయానికి చివరి గీత దాటాలనుకున్నవాళ్ళు ఇక గడియారం జోలికి పోనక్కర్లేదు, జెండా వెనకే వెళ్తే చాలు. జెండా పట్టుకున్న మనిషి ముందుగా చేరినా తప్పే, ఆలస్యంగా చేరినా తప్పే. ఆయన ఏళ్ళ తరబడి రెండున్నర గంటల జెండా పట్టుకున్నాడు. ఆయన పద్ధతులు ఆయనకుండేవి. వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. తన వెనక ఉన్నవాళ్ళని జెండా దాటనిచ్చేవాడు కాదు, "ఓపికుందని ఇప్పుడే ఖర్చుపెట్టెయ్యకండి, చివర్లో నేనే పంపిస్తా" అనేవాడు. గీత కనిపించే మలుపు దగ్గరికి రాగానే పక్కకి జరిగి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ముందుకు తోలేవాడు. అందరూ దాటాక, ఆఖర్న, జెండా ఒక్కటీ దాటేది. అప్పుడు సరిగ్గా రెండున్నర గంటలయ్యేది.

ఆయన పోయాక ఆ జెండా ఎవరు పట్టుకోవాలన్న మాట కళ్ళజోళ్ళ షాపులో వచ్చింది. ఆ షాపు యజమానే పరుగు సంఘానికి పెద్ద. షట్టరు సగం దించి, గోడల నిండా అద్దాలు లేని ఫ్రేముల మధ్య అందరూ స్టూళ్ళ మీద కూర్చున్నారు. ఎవరి పేరూ బయటికి రాకముందే ఆమె "నేను పట్టుకుంటాను" అంది. కళ్ళజోళ్ళాయన తన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "అలాగేనమ్మా" అన్నాడు. కాదనే ధైర్యం ఎవరికుంది?

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ జెండాని ఆయనలాగే వేళకి గీత దాటించాలి. ఆమె కోరుకున్నది అంతే. అందుకోసం వానలో పరిగెత్తింది, కాలి గోరు ఊడినా పరిగెత్తింది. ఇప్పుడు జ్వరం వచ్చిందని ఇంట్లో పడుకుంటుందా?

పరుగు మొదలయ్యే మైదానంలో, రోడ్డు వైపున్న వైద్యం డేరా ముందు ఆడపడుచు ఎదురైంది. ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. ఇవాళ ఆ డేరా బాధ్యత ఆమెదే. చేతిలో దూది కట్టలున్న అట్టపెట్టె కింద పెట్టి, వదిన మొహంలోకి చూసింది.

"మొహం అలా పీక్కుపోయిందేంటి వదినా?"

"నిద్ర చాల్లేదు."

"చెయ్యి ఇటివ్వు."

"జెండా పట్టుకున్నా కదా."

"దేవుడు రెండో చెయ్యి ఇవ్వలేదా? స్కూలు పిల్లలు చెప్పే సాకులు నాకు చెప్పకు."

"ఏం లేదు," అంది ఆమె.

ముందుకి చాచిన ఆడపడుచు చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ మాట ఆఖరుసారి ఎవరన్నారో ఇద్దరికీ తెలుసు. పోవడానికి ముందురోజు ఆయన ఫోన్లో ఆయాసపడుతుంటే చెల్లెలు అడిగింది, ఏం లేదే అన్నాడు. మర్నాడు పొద్దున గుమ్మంలో చొక్కా మీద ఛాతీ రుద్దుకుంటుంటే భార్య అడిగింది, ఏం లేదన్నాడు. ఆ మధ్యాహ్నం తను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సులో కాగితం కట్టల మీద కూలబడితే తోటివాళ్ళు అడిగారట. వాళ్ళకీ అదే చెప్పాడట.

ఆడపడుచు ఏదో అనబోయింది. అంతలో జెండాలవాళ్ళని ముందుకు రమ్మని మైకులో పిలిచారు. ఆమె జెండాతో తప్పించుకున్నట్టే వెళ్ళిపోయింది.

మొదట్లో అంతా బాగానే నడిచింది. మాత్ర పనిచేసి చెమట పట్టింది, ఒళ్ళు తేలికైంది. తెల్లారి వెలుగులో మూసిన దుకాణాలు, వాటి ముందు నీళ్ళు చల్లుతున్న మనుషులు, ఆగి చూస్తున్న ఒక పాలవ్యాను వెనక్కి వెళ్ళిపోయాయి. ఆమె వెనక పాతికమంది దాకా ఉన్నారు. అందరిలోకీ దగ్గరగా ఇద్దరు. ఒకాయన రిటైరైన బస్సు డ్రైవరు. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. రెండో ఆమె బట్టలు కుట్టే ఆమె, అందరికీ టైలరమ్మ. జెండా గుడ్డ అంచులు చిరిగితే మడిచి కుట్టి ఇచ్చింది కూడా ఆమే.

"బండి నిండా జనం ఉన్నారు, టికెట్లు కొట్టేవాళ్ళే లేరు," అన్నాడు బాబాయ్.

"మీ నోటికి కాస్త బ్రేకు వేస్తే నేనే కొడతా," అంది టైలరమ్మ.

"నా బ్రేకులు అరిగిపోయే కదా నన్ను ఇంటికి పంపారు."

"అరిగింది బ్రేకులు కాదు బాబాయ్, వినేవాళ్ళ చెవులు."

వెనక ఎవరో నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వంతెన ఎక్కుతుంటే టైలరమ్మ మాట్లాడ్డం మానేసింది. పోయినేడు ఆమె ఇక్కడే ఆగిపోయింది, పిక్క పట్టేసి. ఆ సంగతి పార్కు గేటు దగ్గర ఎన్నోసార్లు చెప్పింది. "అన్నయ్య వెనక్కి తిరగలేదు. కానీ నేను ఆగానని తెలిసింది. జెండాని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని వెళ్ళాడు. చాలా దూరం దాకా కనిపించింది నాకు." ఈసారి ఎలాగైనా ఆ జెండాతో గీత దాటాలన్నది టైలరమ్మ పంతం. పొద్దున్నే ముగ్గురు పిల్లల్ని తల్లికి అప్పగించి, కుట్టాల్సిన జాకెట్లు మిషను మీదే వదిలేసి వచ్చింది.

వంతెన దిగేటప్పుడు చలి మళ్ళీ మొదలైంది. చెమట ఆరిపోయింది. జెండా కర్ర చేతిలో సన్నగా వణుకుతోంది. గాలి అనుకుంది గానీ, పక్కన చెట్ల ఆకులు కదలడం లేదు. మాటలు దూరం నుంచి, తలుపు అవతల నుంచి వినిపిస్తున్నట్టున్నాయి. కిలోమీటరు బోర్డు వచ్చినప్పుడల్లా గడియారం చూసుకుని లెక్క వేసుకోవడం ఆమె అలవాటు. ఆ గుణకారాలు ఆమెకు నాలుక మీద ఆడేవి. ఇప్పుడు అంకెలు కనిపిస్తున్నాయి గానీ ఒకదాని పక్కన ఒకటి నిలబడడం లేదు. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారిపోతోంది. సరిగానే ఉన్నాంలే అనుకుంది. తర్వాతి బోర్డు దగ్గరా అదే అనుకుంది. వెనక బాబాయ్ ఎప్పటినుంచో జోకులు వెయ్యడం లేదన్న సంగతి ఆమె గమనించలేదు.

చెరువు దాటాక రోడ్డు మధ్యలో ఒక డ్రమ్ము పెట్టి ఉంది. దాన్ని చుట్టి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలి. అలా తిరిగినప్పుడు, వెనక వచ్చేవాళ్ళు ఎదురుగా కనిపిస్తారు. తన తర్వాతి జెండా, రెండు ముప్పావు గంటలది, ఎక్కడ ఎదురవ్వాలో ఆమెకు తెలుసు. పసుప్పచ్చ గోడ ఉన్న గోడౌను దాటి, పెట్రోలు బంకు కూడా దాటాక. అలాంటిది డ్రమ్ము తిరిగి గోడౌనైనా దాటకముందే ఆ జెండా ఎదురొచ్చింది. దాన్ని పట్టుకున్న మనిషి ఈమెను చూసి చెయ్యి ఊపబోయి, ఎందుకో ఊపకుండానే తల దించుకుని వెళ్ళిపోయింది.

దీనికి గుణకారం అక్కర్లేదు.

ఆమె వెనక్కి తిరిగింది. ఆయన ఏనాడూ చెయ్యని పని. పాతికమందీ అక్కడే ఉన్నారు, ఒక్కరు తగ్గలేదు. కానీ ఎవరికీ ఆయాసం లేదు. ఇంత దూరం వచ్చాక ఎగరాల్సిన గుండెలు ఎగరడం లేదు. పెళ్ళివారి వెనక నడుస్తున్నట్టు, ఒకరి కాలు ఒకరు తొక్కకుండా, నెమ్మదిగా వస్తున్నారు. బాబాయ్ తన గడియారం మీద అరచెయ్యి మూసి పెట్టుకున్నాడు.

"బాబాయ్, మనం ఎంత వెనకున్నాం?"

"బాగానే ఉన్నామమ్మా."

"నేనడిగింది అది కాదు."

బాబాయ్ టైలరమ్మ వైపు చూశాడు. టైలరమ్మ రోడ్డు వైపు చూస్తూ, "నాలుగు నిమిషాలక్కా," అంది. "ఓ పిసరు ఎక్కువే."

"ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"వంతెన దిగినప్పటినుంచి."

"మరి చెప్పరేం? నన్ను దాటి వెళ్ళిపోవచ్చుగా."

"జెండాని దాటొద్దని అన్నయ్యే కదా చెప్పాడు," అంది టైలరమ్మ.

"పరుగుకేముందమ్మా," అన్నాడు బాబాయ్. "వచ్చే ఏడు మళ్ళీ వస్తుంది. మేమెక్కడికి పోతాం? నువ్వు నీ ఓపికని బట్టి నడిపించు. చేరినప్పుడే చేరదాం."

ఆయన గొంతులో వెటకారం లేదు. అదే ఆమెను ఆపేసింది. కోప్పడి ఉంటే మొండికేసి ఇంకో కిలోమీటరు లాగేదేమో. వీళ్ళు తెలిసే వస్తున్నారు. నెలల తరబడి కష్టపడి సంపాదించుకున్న పరుగుని, ఆమె మొహం చూసి, మాట్లాడకుండా వదులుకుంటున్నారు. జెండాని తను మోస్తున్నాననుకుంది. ఇంతసేపూ వీళ్ళు తనని మోస్తున్నారు.

ఆమె రోడ్డు పక్కకి జరిగి ఆగింది. పాతికమందీ ఆగబోయారు.

"ఆగకండి. కాళ్ళు పట్టేస్తాయి, నిలబడ్డచోటే ఆడించండి," అంది తరగతిలో చెప్పినట్టు. తర్వాత, పొద్దున్నుంచీ ఎవరికీ చెప్పని మాట చెప్పింది. "నాకు జ్వరంగా ఉంది. ఇంక నావల్ల కాదు."

చెప్పాక చూస్తే, అది పెద్ద మాటేం కాదు. ఎవరూ ఆశ్చర్యపోలేదు కూడా.

జెండాని టైలరమ్మ వైపు చాచింది. టైలరమ్మ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నాకెందుకక్కా? నేను ఒక్కసారి కూడా పూర్తి చెయ్యలేదు. బాబాయ్‌కివ్వు."

"నా మోకాళ్ళు చివరిదాకా వస్తాయో, మధ్యలో దిగిపోతాయో," అన్నాడు బాబాయ్. "నువ్వు పట్టుకో, నేను పక్కనుండి చెబుతా. లేటైన బండిని లాగడం నాకు కొత్తా? ఒక్కసారిగా తొక్కామా, జనం కిందపడతారు. ప్రతి స్టాపులో కాస్త కాస్త మిగుల్చుకుంటూ పోవాలి."

"చేరతామా?"

"ఇలా నిలబడి కబుర్లు చెప్పుకుంటే చేరం."

టైలరమ్మ చెయ్యి చాచింది. కర్రని వదలమంటే ఆమె వేళ్ళు వెంటనే విడలేదు. చలికి బిగుసుకుపోయి ఉన్నాయి. టైలరమ్మ లాగలేదు. సూదిలోకి దారం ఎక్కేదాకా ఊపిరి బిగపట్టినట్టు, కదలకుండా నిలబడింది. కర్ర చేతిలోంచి వెళ్ళిపోయింది.

"చివర్లో అందర్నీ ముందుకి పంపించు. నువ్వు ఆఖర్న దాటాలి," అంది ఆమె.

"పేర్లు పెట్టి పిలవాలా అక్కా? నాకు సగం మంది పేర్లు తెలీవు."

"నాకూ తెలీవు," అంది ఆమె. అది నిజం. ఇన్ని నెలలు పక్కపక్కనే పరిగెత్తి ఎవరినీ ఏమీ అడగలేదు. "దారిలో అడుగు."

వాళ్ళు వెళ్ళారు. అడుగుల చప్పుడు మారింది, చురుగ్గా, దగ్గరదగ్గరగా. మలుపు తిరిగేదాకా జెండాని చూసి, అక్కడే రోడ్డు గట్టు మీద కూర్చుంది. వెనక వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే ఆమెను దాటి వెళ్ళారు. ఒకాయన నీళ్ళ సీసా చేతిలో పెట్టి వెళ్ళాడు. సంఘం మోటారుసైకిలు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

గీతకి కాస్త ముందు, రోడ్డు పక్కనే ఉంది డేరా. మోటారుసైకిలు దిగుతుంటే ఆడపడుచు చూసింది. చేతిలో జెండా లేకపోవడం చూసింది. రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మడతమంచం మీద పడుకోబెట్టి, బూట్లు విప్పి, థర్మామీటరు పెట్టింది. డేరా నిండా స్పిరిట్ వాసన, గడ్డి వాసన కలిసి ఉన్నాయి.

"నూటరెండు దాటింది," అంది ఆడపడుచు. "మాత్ర వేసుకున్నావా?"

"పొద్దున ఒకటి."

"వేసుకుని, నా ముందు నిలబడి, ఏం లేదన్నావు."

"చెప్తే వెళ్ళనిచ్చేదానివా?"

"ఎందుకు వెళ్ళనిస్తాను?"

"అందుకే చెప్పలేదు."

ఆడపడుచు తడిగుడ్డ పిండి నుదుటి మీద పెట్టింది. నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడిచింది. ఆ చేతుల్లో విసురు ఉంది. పేషెంట్ల దగ్గర ఆ విసురు ఉండదు.

"మీ అన్నయ్య మీద నాకు చాలా కోపంగా ఉండేది," అంది ఆమె డేరా కప్పు వైపు చూస్తూ. "ఇద్దరం అడిగాం. నువ్వు నర్సువి. ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది అనుకునేదాన్ని. రోజూ అనుకునేదాన్ని. చెప్పకుండా ఉండడం ఎంత తేలికో ఇవాళ తెలిసింది. అబద్ధం చెబుతున్నట్టే అనిపించదు. పని ఒకటి ఉంటుంది కదా చేతిలో, అది అయ్యాక చెబుదాంలే అనిపిస్తుంది."

ఆడపడుచు గుడ్డని మళ్ళీ నీళ్ళలో ముంచింది. ముంచి, పిండకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.

బయట చప్పట్లు మొదలయ్యాయి. ఆడపడుచు లేచి డేరా తెర పక్కకి లాగింది. మంచం మీద నుంచే రోడ్డు కనిపించింది. బాబాయ్ కుంటుతూ, నవ్వుతూ వెళ్ళాడు. ఆయన వెనక ఇద్దరు, ముగ్గురు, తర్వాత ఒక గుంపు. అందరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి, గుండెలు ఎగురుతున్నాయి. వాళ్ళ వెనక ఎవరో గట్టిగా ఒక్కో పేరూ పిలుస్తున్నారు. అందరూ వెళ్ళాక రోడ్డు ఒక్క క్షణం ఖాళీగా ఉంది. అప్పుడు జెండా వచ్చింది. టైలరమ్మ జడ ఊడిపోయి, జుట్టు మొహానికి అంటుకుంది. డేరా దగ్గరికి వచ్చేసరికి, ఇటు తిరగకుండానే, జెండాని రెండు చేతులా పైకెత్తింది.

తెర చాటుకి పోయేదాకా అది కనిపించింది.

"వేళకి దాటతారా?" అంది ఆడపడుచు, కోటుకి పిన్నుతో పెట్టుకున్న గడియారం వైపు చూస్తూ. "నువ్వు లెక్కల టీచరువి కదా, చెప్పు."

"తెలీదు. ఇవాళ నాకు లెక్కలు రావడం లేదు."

ఆడపడుచు తెర వేసి వచ్చి మంచం అంచున కూర్చుంది. "ఎలా ఉంది?" అంది.

"ఏం..." అని ఆమె ఆగింది. "బాగా లేదు."

"ఎక్కడ?"

"ఒళ్ళంతా నొప్పులు. చలి."

"ఇంకా?"

"నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు కాదు, అప్పటినుంచీ."

"ఇంకా?" ఆడపడుచు గొంతు ఆసుపత్రిలో అడిగేటప్పటిలాగే ఉంది, తొందర లేకుండా.

"వండుకుంటున్నాను గానీ తినడం లేదు. మీ అన్నయ్య ఫోనుకి ఇంకా ఛార్జింగ్ పెడుతున్నాను. అలారం మోగుతుంది. అందుకే పరుగు నేర్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు."

బయట మైకులో ఎవరో ఏవో అంకెలు చదువుతున్నారు. ఇద్దరూ వినలేదు.

"ఇవాళ సాయంత్రం నేను మీ ఇంటికొస్తా," అంది ఆడపడుచు. "నీ జ్వరం తగ్గేదాకా అక్కడే ఉంటా."

"అలారం మోగుతుంది. నీకు నిద్ర పాడవుతుంది."

"మోగితే మోగనీ. ఒకసారి నేనూ వింటాను," అంటూ గుడ్డ పిండి, ఈసారి నెమ్మదిగా, వదిన నుదుటి మీద పరిచింది. "నువ్వు మాత్రం లేవకు."